కంప్యూటరుకు వేళ తప్పని మరమ్మతు

2017 మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ వ్యవస్థలోని ఒక లోపమునకు సవరణ విడుదల చేసినది. మే 12న ఆ లోపము ద్వారానే ‘వన్నాక్రై’ అను క్రిమి ప్రపంచమంతటను ప్రాకినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత పడినవి. మందు వచ్చి రెండు నెలలు కావచ్చినను, వేయుట చాలచోట్ల జరుగలేదు.

సవరణ వేయుట కష్టమైన పని కాదు, విసుగు పుట్టించు పని. మెదక్ జిల్లా కౌడిపల్లిలో ఒక బడిలో ఇరువది కంప్యూటర్లు ఉన్నవనుకొందము. ఒక్కొక్కదాని ముందు కూర్చుండి మీటలు నొక్కుచు పోయినచో ఉపాధ్యాయునకు పాఠము చెప్పు తీరిక ఎక్కడిది? అవి ఉబుంటు వంటి లినక్సు వ్యవస్థతో నడచునవైనచో ఆజ్ఞలను టైపు చేసి ఈయవచ్చును. దీనినే కమాండ్ లైను అందురు. టైపు చేసిన ఆజ్ఞను ఒక ఫైలులో వ్రాసి ఉంచినచో, యంత్రమే దానిని మరల మరల చదువుకొనగలదు.

ముఖ్యమైన ఆజ్ఞలు రెండు. ‘ఆప్ట్ అప్‌డేట్’ క్రొత్త సవరణల జాబితాను మాత్రమే తెచ్చును. పేరు చూచి మోసపోయి పలువురు ఇక్కడనే ఆగిపోవుదురు. ధరల పట్టీ తెచ్చుకొన్నంతనే సరుకులు ఇంటికి రావు గదా! ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అన్నప్పుడే సవరణలు దిగి అమరును. దాని వెంట ఒక అడ్డుగీతయు, ఇంగ్లీషు ‘వై’ అక్షరమును చేర్చినచో, యంత్రము అడుగు ప్రశ్నకు ముందే ‘సరే’ అన్నట్లగును.

ఇక వేళకు లేపువాడు కావలెను. ఆ పని ‘క్రాన్’ చేయును. నిమిషము, గంట, తేదీ, నెల, వారము అను అయిదు గడులు నింపి, ప్రక్కన ఆజ్ఞ వ్రాసిన చాలును. అయితే రాత్రి రెండు గంటలని వ్రాసితిమా, ఆ వేళకు బడిలో యంత్రములన్నియు ఆపివేసి ఉండును. తప్పిన వేళను క్రాన్ గుర్తుంచుకొనదు. మన పల్లెలకు తగినది ‘అనాక్రాన్’. ఇది గంట చూడదు. పని జరిగి ఎన్ని దినములైనదో చూచి, యంత్రము వెలిగిన కొంతసేపటికి బాకీ తీర్చును. పని నడుమ కరెంటు పోయినచో మాత్రము సవరణ సగములో నిలిచిపోవచ్చును. అప్పుడు ‘డీపీకేజీ’ ఆజ్ఞతో మిగిలినది పూర్తిచేయవలెను.

అన్నింటికిని ఒకే క్షణమున సవరణ వేయుటలోను ముప్పు కలదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ పంపిన ఒక తప్పు సవరణకు సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కూలినవి. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చిరి. కావున మన బడిలో మొదట ఒక్క యంత్రమునకే సవరణ వేయించి, అది మరునాడు సరిగా వెలిగినదని చూచిన పిమ్మట మిగిలిన పందొమ్మిదింటిని వదలవలెను.