మీకు తెలుసా? పెర్ల్‌లో ముందున్నదే గెలుస్తుంది
పెర్ల్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో రామ|రామయ్య అని రాసి ‘రామయ్య’ అనే పేరులో వెతికితే, దొరికేది ‘రామ’ మాత్రమే! నిలువుగీతకు ఎడమనున్న మాట సరిపోతే చాలు, కుడివైపు ఇంకా పొడవైనది ఉందా అని పెర్ల్ చూడదు. అదే ప్యాటర్న్‌ను లినక్స్‌లోని ఈగ్రెప్‌కు ఇవ్వండి, పోసిక్స్ నియమం ప్రకారం పొడవైన ‘రామయ్య’నే పట్టుకుంటుంది.

అందుకే పెర్ల్‌లో పొడవైన మాటను ముందు రాయడం మంచిది. లేదా ^(రామ|రామయ్య)$ అనాలి. ‘రామ’ దగ్గర పేరు ముగియదు కాబట్టి వెనక్కి వచ్చి రెండోది ప్రయత్నిస్తుంది. బ్రాకెట్లు మాత్రం మరవకూడదు. అవి లేకపోతే ^ మొదటి మాటకే, $ చివరి మాటకే వర్తిస్తాయి.

2007లో వచ్చిన పెర్ల్ 5.10 నుంచి ఇలాంటి మాటల జాబితాలను ‘ట్రై’ అనే అమరికలోకి మార్చి వెతుకుతోంది. వేగం పెరిగింది గానీ, ఎడమవైపుదానికే మొదటి అవకాశం.