బ్రోచర్ కాదు, బిల్డర్ పాత బిల్డింగు చూడండి

అపోహ: రెరా నంబరు ఉంది కాబట్టి బిల్డర్ నమ్మకస్తుడే.

వాస్తవం: 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం, బాగా చిన్నవి మినహా ఏ ప్రాజెక్టుకైనా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. కనుక ఆ నంబరు కనీస అర్హత మాత్రమే. ‘ప్రీలాంచ్, నంబరు వచ్చేస్తుంది’ అంటే రూపాయి కూడా ఇవ్వకండి. నంబరుంటే అంతటితో ఆగకుండా రెరా సైట్లో ఆ ప్రాజెక్టు పేజీ తెరవండి. గత ఐదేళ్లలో మొదలుపెట్టిన ప్రాజెక్టులు, వాటిలో జాప్యం, నడుస్తున్న కేసులు బిల్డర్ అక్కడ చెప్పి తీరాలి. మూడు నెలలకోసారి పనుల వివరాలూ పెట్టాలి.

అపోహ: కంపెనీ మీద ఒక్క కేసూ లేదు.

వాస్తవం: చాలామంది బిల్డర్లు ప్రాజెక్టుకో కొత్త కంపెనీ పెడతారు. నిన్న పుట్టిన కంపెనీ మీద కేసులెక్కడి నుంచి వస్తాయి? కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో డైరెక్టర్ల పేర్లు చూసి, ఆ పేర్లతో, వాళ్ల పాత కంపెనీల పేర్లతో ఈ-కోర్ట్స్‌లో వెతకండి.

అపోహ: బ్యాంకు లోన్ ఇస్తోందంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రత. గోడ చెమ్మెక్కినా, తాళాలు రెండేళ్లు ఆలస్యమైనా ఈఎంఐ కట్టేది మీరే.

అపోహ: మోడల్ ఫ్లాట్ చూస్తే పనితనం తెలిసిపోతుంది.

వాస్తవం: మా చెల్లెలు ఇలాగే ముచ్చటపడింది. సంచకారం ఇచ్చే ముందు, అదే బిల్డర్ మియాపూర్ వైపు నాలుగేళ్ల కింద కట్టిన అపార్ట్‌మెంట్‌కు తీసుకెళ్లాను. సెల్లార్ గోడ నడుం ఎత్తు వరకు నల్లబడి, పెయింటు పొరలు పొరలుగా లేచిపోయింది. వాచ్‌మన్‌ను అడిగితే, “వానొస్తే లిఫ్టు బంద్ పెడ్తం సార్, కింద గుంతల నీళ్లొస్తయ్” అన్నాడు. మూడో అంతస్తు ఆవిడ పిలిచి బాత్రూమ్ పైకప్పు చూపించింది. ఏ కాగితంలోనూ ఇది దొరకదు. వెళ్తే వానాకాలంలోనే వెళ్లండి. ట్యాంకర్లెన్ని వస్తున్నాయో, ఓసీ (నివాసయోగ్యతా పత్రం) ఎప్పుడొచ్చిందో అసోసియేషన్ వాళ్లను అడగండి.

అపోహ: కట్టడం పూర్తయింది, ఇక తనఖా సంగతి మనకెందుకు?

వాస్తవం: తెలంగాణలో అపార్ట్‌మెంట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే వైశాల్యంలో పది శాతం మున్సిపల్ అధికారులు తనఖా పెట్టించుకుంటారు. ఓసీ వచ్చాకే విడుదల చేస్తారు. మీకు చూపిస్తున్న ఫ్లాటు ఆ పది శాతంలోదేమో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూసుకోండి.

అపోహ: తాళాలిచ్చాక బిల్డర్‌కు సంబంధం లేదు.

వాస్తవం: ఐదేళ్లలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం బయటపడి మీరు తెలియజేస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాల్సింది బిల్డరే. తాళాలు తీసుకున్న తేదీని రాతపూర్వకంగా తీసుకోండి. ఐదేళ్లూ ఆ రోజు నుంచే లెక్క.