పొడవు కాళ్ల ఖరీదు

కరీబియన్ దీవుల్లోని అనోలిస్ బల్లుల్ని చూస్తే మన డిజైన్ క్లాసు గుర్తొస్తుంది. చెట్టు మొదట్లో తిరిగేవాటికి పొడవు కాళ్లు, వేగంగా పరుగెత్తొచ్చు. సన్న కొమ్మల మీద బతికేవాటికి పొట్టి కాళ్లు. నడక నెమ్మదైనా పట్టు తప్పదు. క్యూబా, హిస్పానియోలా, జమైకా, ప్యూర్టోరికో దీవుల్లో ఈ రూపాలు చాలావరకు విడివిడిగానే వచ్చాయి. కాపీ కొట్టకుండా నలుగురూ ఒకే జవాబు రాసినట్టన్నమాట!

మరి కొలత తప్పితే? 2017లో ఇర్మా, మరియా తుఫాన్లు టర్క్స్ అండ్ కైకోస్ దీవుల మీద విరుచుకుపడ్డాయి. శాస్త్రవేత్తలు ముందూ తర్వాతా కొలిచి చూస్తే, బతికిన బల్లులకి సగటున వేలి మెత్తలు పెద్దవి, వెనక తొడలు పొట్టివి. బ్లోయర్‌తో గాలి కొట్టి చూస్తే సంగతి తెలిసింది: పుల్లను పట్టుకున్నప్పుడు బయటికి పొడుచుకొచ్చే వెనక కాళ్లు తెరచాపల్లా గాలిని పట్టేస్తున్నాయి.

ఏ బల్లీ తన కాళ్లని కుదించుకోలేదు. కొలత కుదరనివి కొట్టుకుపోయాయి. మిగిలినవాటి పిల్లలకి ఆ కొలతే ఆస్తి.