తడి లేని విదిలింపు

కాట్పాడి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళింట్లో తెల్లటి స్పిట్జ్ ఉంది, మన ఊళ్ళలో అందరూ పమేరియన్ అని పిలుచుకునే కుక్క. వేలూరు మే నెల ఎండలు తెలిసినవే. పాపం ఆ బొచ్చుతో ఉడికిపోతోందని గ్రూమింగ్‌కి తీసుకెళ్ళి, స్నానం చేయించి, మిషన్ పెట్టించి పొట్టిగా కత్తిరింపించారు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి దాని మకాం మంచం కిందే. పిలిస్తే రాదు. వచ్చినా నాలుగడుగులేసి ఆగి, తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించి, మళ్ళీ మంచం కిందికి పోతోంది. “ఒంటిమీద చుక్క తడి లేదండీ. డ్రయ్యర్‌తో ఆరబెట్టే పంపించారు. అయినా వానలో తడిసొచ్చినట్టు విదిలిస్తూనే ఉంది. బొచ్చు తీసేశారని సిగ్గుపడుతోంది అంటారు మా అత్తగారు. నిజమేనా?” అని అడిగారు.

సిగ్గు సంగతి ముందే తేల్చేద్దాం. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 14 పెంపుడు కుక్కలతో ఒక పరీక్ష చేసింది. తినుబండారం ఎదురుగా పెట్టి, తినొద్దని చెప్పి యజమాని బయటికి వెళ్ళాలి. తిరిగొచ్చాక కుక్క తిన్నదా లేదా అన్నది యజమానికి ఒక్కోసారి నిజం చెప్పారు, ఒక్కోసారి అబద్ధం. తప్పుచేసినట్టు తల దించి, చెవులు వెనక్కి పెట్టి, తోక ముడిచే ఆ ముఖం తిన్న కుక్కలకే రాలేదు. తిట్లు తిన్న కుక్కలకు వచ్చింది, ఏ తప్పూ చేయని వాటికి కూడా. అంటే అది మన ముఖం చూసి, మన గొంతు విని పడే జంకు. క్షవరం చేయించుకున్న కుక్క తోక ముడవడానికి కొత్త చోటు, ఎత్తు బల్ల, చెవి పక్కనే గుయ్యిమనే మిషన్, డ్రయ్యర్ వేడిగాలి చాలు. దానికి తోడు షాంపూతో సొంత వాసన పోతుంది. అదే హోరోవిట్జ్ 2017లో ఇంకో పని చేసింది. కుక్కల మూత్రపు వాసనను వాటికే చూపించింది, ఒకసారి ఉన్నదున్నట్టు, ఇంకోసారి వేరే వాసన ఏదో కలిపి. కలిపిన దాన్నే అవి ఎక్కువసేపు మూచూశాయి. తన వాసన మారితే కుక్కకు తెలుస్తుందన్నమాట. స్నానం కాగానే మట్టిలో పొర్లే కుక్కల మీద కోప్పడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక నన్ను నిలవనీయని ప్రశ్నకు వస్తాను. తడి లేకుండా విదిలింపు ఎందుకు?

ముందు తడి ఉన్న విదిలింపు చూద్దాం, అదే ఒక అద్భుతం. అట్లాంటాలోని జార్జియా టెక్‌లో ఆండ్రూ డికర్సన్, డేవిడ్ హూ, వాళ్ళ సహచరులు ఎలుక నుంచి ఎలుగుబంటి దాకా 16 జాతులకు చెందిన 33 జంతువులను తడిపి, అతివేగపు కెమెరాలతో చిత్రించి, 2012లో లెక్కలు ప్రచురించారు. చిట్టెలుక సెకనుకు దాదాపు 30 సార్లు ఊగుతుంది. లాబ్రడార్ నాలుగైదు సార్లు. ఎలుగు నాలుగు సార్లు. ఒళ్ళు చిన్నదైన కొద్దీ వేగం పెరగాలి. నీటిచుక్కను వెంట్రుకకు అంటిపెట్టుకుని ఉంచే తలతన్యతను గుండ్రంగా తిరిగే ఊపు ఓడించాలి కదా, చుట్టుకొలత తక్కువైతే ఆ ఊపు రావడానికి ఎక్కువసార్లు తిప్పాలి. అయితే ఈ తలతన్యత లెక్క ఒక్కటే వేసుకుంటే వచ్చిన జవాబు, జంతువులు చూపించిన జవాబు సరిపోలేదు. ఒళ్ళు చిన్నదైన కొద్దీ అవి లెక్క చెప్పినదానికంటే ఇంకా జోరుగా ఊగుతున్నాయి. లెక్కలో వదిలేసింది చర్మాన్ని. కుక్క వెన్నెముక అటూ ఇటూ 30 డిగ్రీలు తిరిగితే, పైన వదులుగా ఉన్న చర్మం 90 డిగ్రీల దాకా కొట్టుకుపోతుంది. కుక్కపిల్లను మెడ దగ్గర పట్టి ఎత్తినప్పుడు చేతిలోకి వచ్చే ఆ వదులు చర్మం ఊరికే ఉన్నది కాదు, నీళ్ళు విసిరికొట్టే సాధనం.

ఇంత ఆర్భాటం ఎందుకంటే, ఒక పెద్ద కుక్క బొచ్చులో అర లీటరు నీరు నిలిచిందనుకోండి. దాన్ని ఒంటివేడితోనే ఆరబెట్టుకోవాలంటే దాదాపు 290 కిలో కేలరీలు ఖర్చు. ఆ కుక్క రోజు తిండిలో ఇది ఐదో వంతు. అడవిలో ఆ ఐదో వంతు ప్రాణం మీదికి తెస్తుంది.

విదిలింపు ఎలా జరుగుతుందో 2012కే తెలిసింది. మొదలుపెట్టమని చెప్పే నరం ఏదో మాత్రం 2024 నవంబరు దాకా బయటపడలేదు. హార్వర్డ్‌లో డేవిడ్ గింటీ ప్రయోగశాల దాన్ని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. ఎలుకల మెడ వెనక పొద్దుతిరుగుడు నూనె చుక్కలు వేశారు. వేయగానే అవి కుక్కల్లాగే విదిలించాయి. స్పర్శను విద్యుత్ సంకేతంగా మార్చే పీజో-2 అనే ప్రొటీన్ చర్మపు నరాల్లో లేకుండా చేసిన ఎలుకలు చుక్కలు పడ్డా కదల్లేదు. ఈ పీజో ప్రొటీన్లను కనిపెట్టినందుకే ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. అయితే పీజో-2 చాలా రకాల నరాల్లో ఉంటుంది. వాటిలో దోషి ఎవరు? ఒక్కో రకాన్ని విడివిడిగా కాంతితో రెచ్చగొట్టి చూశారు. సి-ఎల్‌టీఎంఆర్ అనే పేరున్న నరాలను రెచ్చగొట్టినప్పుడు ఎలుక విదిలించింది. ఒంటిమీద నీళ్ళు లేవు, నూనె లేదు, దుమ్ము లేదు. ఆ నరాలను తొలగిస్తే విదిలింపు దాదాపు సగానికి పడిపోయింది. అక్కణ్ణుంచి సంకేతం వెన్నుపాములోకి వెళ్ళి, మెదడు కాండంలోని పారాబ్రాకియల్ కేంద్రకానికి చేరుతుందని కూడా దారి గీసి చూపించారు.

ఇక్కడే ఉంది కాట్పాడి కుక్క రహస్యం. విదిలింపుకు తడి అక్కర్లేదు. ఈ నరం మోగితే చాలు.

ఈ నరం కథ వింటే శాస్త్రం ఎంతకాలం ఒక మూల చూడకుండా ఉండిపోగలదో తెలుస్తుంది. చర్మం నుంచి వెళ్ళే నరాల్లో లావుపాటివి ఉంటాయి. వాటికి మైలిన్ తొడుగు ఉంటుంది, సంకేతం సెకనుకు పదుల మీటర్ల వేగంతో పరిగెడుతుంది. తొడుగు లేని సన్నటివి ‘సి’ రకం. వాటిలో వేగం సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. స్పర్శ లావు నరాల పని, నొప్పి, వేడి, చలి సన్నవాటి పని అని పాఠ్యపుస్తకాలు పంచిపెట్టేశాయి. 1939లోనే స్వీడన్‌కు చెందిన ఇంగ్వే జోటర్‌మన్ పిల్లుల మీద పనిచేసి, సన్న నరాల్లో కొన్ని అతి మెత్తటి స్పర్శకు పలుకుతాయని రాశాడు. ఇంకో సంగతి కూడా గమనించాడు. తాకడం ఆపేశాక కూడా ఆ నరాలు కాసేపు మోగుతూనే ఉంటాయి. చక్కిలిగింతకు ఇదే మూలమేమో అన్నాడు. ఆ తర్వాత ఏమైంది? జంతువుల్లో ఉంటే ఉంటాయి గానీ మనిషిలో ఇవి అరిగిపోయి ఉంటాయని దాదాపు అయిదు దశాబ్దాలు సర్దిచెప్పుకున్నారు. ఎనభైల చివర్లో, తొంభైల్లో స్వీడన్ శాస్త్రవేత్తలే మనిషి ముఖంలో, ఆ తర్వాత ముంజేతిలో వాటిని పట్టుకున్నారు. 2009లో తేలిన ఇంకో విషయం నాకు మరీ ఇష్టం: సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరితే ఈ నరాలు బాగా పలుకుతాయి. పిల్లల వీపు నిమిరేటప్పుడు, కుక్క తల నిమిరేటప్పుడు మన చెయ్యి ఎవరూ నేర్పకుండానే పోయే వేగం అది.

ఈ నరాల కొసలు వెంట్రుక మొదట్లో, రోమకూపం చుట్టూ అల్లుకుని ఉంటాయి. 2011లో గింటీ బృందమే ఎలుక వెంట్రుకల్లో మూడు రకాలను వేరుచేసి, ఏ రకం కుదుట్లో ఏ నరాలున్నాయో పటం వేసింది. పైకి కనిపించే పొడుగాటి వెంట్రుకలు నూటికి ఒకటి మాత్రమే. దాదాపు ముప్పావు వంతు లోపలి సన్నటి వంకర వెంట్రుకలు, వాటి మొదళ్ళలో మన సి-ఎల్‌టీఎంఆర్‌లు దట్టంగా ఉన్నాయి. 2014లో ఇంకో సొగసైన సంగతి తేలింది. ఇదే కుదురులో ఉండే మరో రకం నరానికి దిక్కు తెలుసు. వెంట్రుకను తోక వైపు నుంచి తల వైపుకు, అంటే ఎదురు వంచితే గట్టిగా పలుకుతుంది, వాలు వంచితే అంతగా పలకదు. కారణం, ఆ నరపు కొసలు కుదురుకు ఒక పక్కనే పెరుగుతాయి. ఎదురు దువ్వితే కుక్క ఎందుకు చిరాకుపడుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. బొచ్చు మరీ పొట్టిగా తీయాలంటే మిషన్ పట్టేది ఎదురుగానే.

ఈ ప్రయోగాలు ఎలుకల మీద జరిగాయి. పిల్లిలోనూ మనిషిలోనూ ఉన్న నరం కుక్కలో ఉండదనుకోవడానికి నాకు కారణం కనిపించదు. ఇప్పుడు ఆ స్పిట్జ్ చర్మం వైపు నుంచి చూడండి. నిన్నటిదాకా పైబొచ్చు గాలిని, చాపను, దుప్పటి అంచును ఆపేది. ఈ రోజు మొలకల్లా మిగిలిన వెంట్రుకలకు ఫ్యాను గాలి నేరుగా తగులుతోంది. వాటి మధ్య కత్తిరింపు తుంపులు ఇరుక్కుని, కుక్క కదిలినప్పుడల్లా పక్క వెంట్రుకను పొడుస్తున్నాయి. సెలూన్లో క్షవరం అయ్యాక ఇంటికొచ్చి తల స్నానం చేసేదాకా మెడ వెనక మనకుండే ఆ చిమచిమ ఒళ్ళంతా ఉంటే ఎలా ఉంటుందో అలా. పైగా ఈ నరాలు చర్మం చల్లబడినా పలుకుతాయి, తాకిడి ఆగినా కాసేపు మోగుతాయి. మెదడు కాండానికి అందే వార్త ‘ఒంటిమీద ఏదో పడింది’ అనే. దానికి తెలిసిన జవాబు ఒక్కటే, విదిలించడం. మంచం కింద నక్కడం కూడా నా దృష్టిలో తెలివైన పనే. ఫ్యాను గాలి అక్కడికి రాదు.

చర్మంలో నరాలు పలకకపోతే ఏమవుతుందో లోకానికి నేర్పింది వేలూరే. 1946లో సీఎంసీ ఆసుపత్రికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేస్తూ, కాట్పాడి పక్కనే ఉన్న కరిగిరి కేంద్రంలోనూ పనిచేస్తూ ఒక పాత నమ్మకాన్ని కూల్చాడు. కుష్ఠులో మాంసం దానంతటదే కుళ్ళి వేళ్ళు రాలిపోతాయని డాక్టర్లే నమ్మేవాళ్ళు. బ్రాండ్ చూపించింది వేరు. బాక్టీరియా నరాలను చంపుతుంది. స్పర్శ లేని చెయ్యి కాలినా కోసుకున్నా మనిషికి తెలియదు, ఆ గాయాలే వేళ్ళను తినేస్తాయి. రాత్రి పడుకుని లేచేసరికి కొందరి వేళ్ళు పోయి ఉండేవి. కాపలా కాసి చూస్తే ఎలుకలు కొరుకుతున్నాయి, నిద్రలో ఉన్న మనిషికి తెలియడం లేదు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళే రోగులకు ఒక్కో పిల్లిని ఇచ్చి పంపారు. నరం అతిగా పలికితే కుక్క చిరాకుపడుతుంది. అసలు పలకకపోతే అది కాలికి దిగిన ముల్లును కూడా పట్టించుకోదు.

ఇదంతా ఎందుకు పనికొస్తుందని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నిజానికి నాకు ఆ ప్రశ్న నచ్చదు, కుక్క విదిలింపు దానికదే తెలుసుకోదగ్గ విషయం. అయినా చెబుతాను. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది చొక్కా లేబుల్ తగిలినా తట్టుకోలేరు. గింటీ ప్రయోగశాల 2016లోనే, ఆటిజంతో ముడిపడ్డ కొన్ని జన్యువులు చర్మపు నరాల్లో దెబ్బతింటే చాలు, ఎలుకలు మెత్తటి స్పర్శకు కూడా ఉలిక్కిపడతాయని చూపించింది.

ఇక కుక్క సంగతి. వెడల్పు పళ్ళ దువ్వెనతో వాలు దువ్వి తుంపులు తీసేసి, షాంపూ లేకుండా ఒకసారి నీళ్ళు పోసి తుడిస్తే చాలావరకు తగ్గుతుంది. కొత్త బొచ్చుకు మెదడు కూడా అలవాటు పడుతుంది. కానీ ఎండకని స్పిట్జ్‌కూ గోల్డెన్ రిట్రీవర్‌కూ మిషన్ పెట్టించడం నాకు సుతరామూ నచ్చదు. కుక్కకు చెమట పట్టేది పాదాల దగ్గర, ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా వగర్పుతో. బొచ్చు తీసేస్తే ఆ వగర్పుకు సాయం చేసినట్టు కాదు, వేలూరు ఎండను నేరుగా చర్మం మీదికి పిలిచినట్టు. స్పిట్జ్ జాతుల్లో కొన్నిటికి తిరిగి మొలిచే బొచ్చు అతుకులతుకులుగా వస్తుంది, నెలల తరబడి రాకపోవచ్చు కూడా. రాలే లోపలి బొచ్చును దువ్వి తీయిస్తే సరిపోతుంది.

మరికొన్ని గుర్తులను మాత్రం అలవాటు పడుతుందిలే అని వదలకూడదు. ఒళ్ళు కాకుండా తల ఒక్కటే పదేపదే విదిలిస్తుంటే చెవిలో నీరు చేరి ఉండొచ్చు. లాబ్రడార్ తోక మొదట్లో కాస్త నిలబడి ఆ తర్వాత గుడ్డపీలికలా వేలాడితే అది తోక కండరాల బెణుకు, చన్నీటి స్నానాల తర్వాత వస్తుంది, విశ్రాంతి ఇస్తే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. స్నానమైన ఒకటి నుంచి మూడు రోజుల్లో వీపు మీద చెయ్యి వేస్తే కేకపెట్టడం, జ్వరం, తిండి మానేయడం, ఎర్రటి గడ్డలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి పరిగెత్తాలి. నీళ్ళు కలిపి రోజుల తరబడి నిలవ ఉంచిన షాంపూలో సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. ఎదురు రుద్ది స్నానం చేయించినప్పుడు అది రోమకూపాల్లోకి దిగి చీము పట్టిస్తుంది. గ్రూమింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు షాంపూ ఎప్పుడు కలిపారో అడగండి. అప్పటికప్పుడు కలపమనండి.