విద్యార్థుల గ్రామసేవ

కర్నూలు, కడప జిల్లాల కళాశాలలలో జాతీయ సేవా పథకమను నేర్పాటు గలదని మన పాఠకులలో పలువు రెఱుగుదురు. ఏటేట నేబదిమంది విద్యార్థులు ఒక యూరికి వచ్చి, బడిలో ఏడు దినములు బస చేసి, వీధు లూడ్చి, మొక్కలు నాటి, ఊరేగింపు జరిపి పోవుట చూచియే యుందురు. గ్రామపెద్దలు దండలు వేయుదురు, ఛాయాచిత్రము దీయింతురు. పది దినములకు వీధి యెప్పటివలెనే యుండును, మొక్కలు మేకల పాలగును. దీనివలన గ్రామమున కేమి యొరిగినదని యడుగువారు గలరు. విద్యార్థి కేమి యొరిగినదని యడుగువా రరుదు. మేమీ రెండవ ప్రశ్ననే ముందు విచారింపదలచితిమి. మొదటిదాని జవాబు దానియందే యున్నదని మా తలంపు.

ఈ పథకము గాంధీ మహాత్ముని శతజయంతి వత్సరమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారి చేతులమీదుగా 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. చేరినవారు రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెననియు, ఒక శిబిరమున పాల్గొనవలెననియు నియమము. ఇట్టి సేవను విద్యార్థి యిచ్ఛకు విడువవలెనా, విధిగా జేయవలెనా యను తర్కము ఈ పథకముకంటె పాతది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి యధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము ఇచ్ఛాపూర్వక సేవనే కోరినది. 1959లో దేశ్‌ముఖ్ సంఘము విధిగా నుండవలె ననినది. మన రాష్ట్రమున 2020-21 నుండి డిగ్రీ పాఠ్యక్రమమున సామాజిక సేవా ప్రాజెక్టు చేర్చబడుటతో విధి పక్షమే గెలిచినట్లయ్యెను. మాకు విధియన్న భయము లేదు. పిల్లవాడు బడికి మొదట ఏడ్చుచునే పోవును. మా భయమంతయు లెక్కపుస్తకమును గూర్చి. గంటలు దాని కెక్కును, పని యెక్కదు. సంతకముకొఱకు సేవ చేసినవానికి సంతకము దొరకును, అంతటితో సరి.

మఱి దొరకవలసిన దేమి? ఆదోని ప్రాంతమును తీసికొందము. 2011 జనాభా లెక్కల ననుసరించి కర్నూలు జిల్లాలో అక్షరాస్యులు నూటికి 60 మంది. స్త్రీలలో 50 మందికి లోపే. కోసిగి, కౌతాళము, పత్తికొండ వైపు వానమీద నాధారపడిన కుటుంబములు పెక్కు ఖరీఫు ముగియగానే యింటికి తాళము వేసి, పిల్లలను వెంటబెట్టుకొని, గుంటూరు మిరపచేలకు, తెలంగాణ పత్తిచేలకు కూలికి పోవుచున్నవి. ఇంటింటి లెక్క వ్రాయుటకు పోయిన విద్యార్థికి మొదట తాళము కనబడును, పిమ్మట అరుగుమీద ముసలమ్మ కనబడును. మనుమరా లే తరగతి యని యడిగిన, మిరపకాయలు కోయబోయినదని యామె చెప్పును. ఆ జవాబు వ్రాయుటకు వాని కాగితములో గడి యుండదు. మంత్రాలయము నొరసికొని తుంగభద్ర పాఱుచుండ, కోసిగి కూలివాడు గుంటూరు పోవనేల? నడుమ బడి మానిన పిల్ల తిరిగివచ్చి యే తరగతిలో కూర్చుండును? ఈ ప్రశ్న మనసున నాటినవాడు అర్థశాస్త్రమును వేఱు కన్నులతో చదువును. ఉపాధ్యాయుడో, ఇంజనీరో, వకీలో కాగోరినచో ఎవరికొఱకో తెలిసి కోరుకొనును. అంతవఱకు తండ్రి చూపిన దారినో, స్నేహితుడు పోయిన దారినో పోవుచున్న వానికి అది మొదటి సొంత నిర్ణయము. ఆ విద్యార్థియే మనయొద్దకు వచ్చి, ఇక్కడ కూలి యెంత యిచ్చుచున్నారని యడుగవచ్చును. భూవసతి గల మన పాఠకులు కోపగింపరాదు.

చదువునాట తగిలినది జీవితమునకు దారియగుట కర్నూలుకు క్రొత్త గాదు. 1883లో అచ్చట జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1907లో రాజమహేంద్రవరమున శిక్షణ కళాశాల విద్యార్థిగా నుండి, వందేమాతరోద్యమమున దిగి, కళాశాలనుండి తొలగింపబడిరి. మఱుసటి యేట కారాగారమునకు పోయిరి. సర్కారు కొలువు తలుపు అట్లు మూతపడినవారు పిమ్మట గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును తమ యాయువు ధారపోసిరి. కడపకు పొరుగుననున్న నెల్లూరు జిల్లాలో 1990 తరువాత అక్షరాస్యతోద్యమము సాగినపుడు రాత్రిబడులలో పలక పట్టించినవారిలో యువజనులు పెక్కురు. ఆ యుద్యమపు వేడిలోనే దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించిరి; 1993 అక్టోబరునుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. అక్షరములు దిద్దించినవా రిది యూహించి యుండరు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగినపుడు గాని, 2021 నవంబరు 19న చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి నాటి కడప జిల్లాలోని పులపత్తూరు, మందపల్లి గ్రామములను వఱద ముంచినపుడు గాని, సాయమునకు దిగినవా రెవరును గంటలు లెక్కించుకొనలేదు. వఱద కేకవేసి పిలుచును. కఱవు పిలువదు, దానిని వెదకికొని పోవలెను.

కావున శిబిరము ఏటేట క్రొత్తయూరికి పోవుట మాకు సమ్మతము గాదు. ఒకే యూరిని మూడేండ్లైనను విడువక పట్టవలెను. కాలమును గూర్చియు నొక మాట. కళాశాల వీలునుబట్టి మాఘ ఫాల్గుణములలో శిబిరము పెట్టినచో పడమటి గ్రామములలో ననేక గృహములకు తాళములే. వలసపోయినవారు తిరిగివచ్చునది వేసవిలో. తప్పిన పాఠములు చెప్పుట, బడిలో పేర్లు వ్రాయించుట, తల్లిదండ్రులకు నచ్చజెప్పుట జూనులో బడి తెఱచులోపల కావలసిన పనులు. కర్నూలు ఎండకు జంకువారు రారు. రాకున్న మంచిదే, ఏబదిమందికి బదులు పదిమంది వచ్చినను ఈ పని జరుగును. ఆ పదిమందికి ఒక తోపు నీడయు, రెండుపూటల సంగటియు, రాత్రి పడకకు చావడియు నిచ్చుట ఏ గ్రామమందైనను మోయరాని భారము గాదు. ఆ సంగతి గ్రామస్థులే యుగాదికి ముందు కళాశాల ప్రిన్సిపాలుకు వ్రాసి తెలుపవలెను. పరీక్షలు ముగిసి విద్యార్థులు ఇండ్లకు చెదరిన పిమ్మట వ్రాసిన లాభము లేదు.