మాత్రలకు లొంగని టైఫాయిడ్.. మరిగిస్తే మాత్రం చస్తుంది! తాగునీటితో ముప్పు ఎలా వస్తుందంటే..

టైఫాయిడ్ వస్తే ఏం చేస్తాం? డాక్టర్ రాసిచ్చిన యాంటీబయాటిక్ కోర్సు వాడతాం. కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. మరి ఆ మాత్రలు పనిచేయకపోతే? ఇదేదో ఊహ కాదు. హైదరాబాద్‌లో నిజంగానే ఇలా జరిగింది. అయితే అది మన హైదరాబాద్ కాదు.. పాకిస్థాన్‌ సింధ్ ప్రావిన్స్‌లో ఉన్న హైదరాబాద్.

అసలేం జరిగింది?

2016 నవంబర్ నుంచి ఆ నగరంలో టైఫాయిడ్ కేసులు పెరుగుతూ వచ్చాయి. బాధితుల్లో ఎక్కువమంది చిన్నపిల్లలే. క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కో-ట్రైమోక్సజోల్ లాంటి పాత మందులు పనిచేయలేదు. సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయలేదు. చివరికి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కూడా పనిచేయలేదు. నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. జబ్బు ముదిరితే ఆస్పత్రిలో చేరి, ఖరీదైన కార్బపెనెమ్ ఇంజెక్షన్లు ఎక్కించుకోవాల్సిందే. డాక్టర్లు దీన్నే ఎక్స్‌డీఆర్ టైఫాయిడ్ అంటున్నారు.

నీళ్లలోకి ఎలా వచ్చింది?

టైఫాయిడ్ బ్యాక్టీరియా రోగి మలం ద్వారా మురుగులోకి చేరుతుంది. మురుగు లైన్ పక్క నుంచే మంచినీటి పైపు వెళ్తూ, దానికి ఎక్కడైనా చిల్లు ఉంటే ప్రమాదమే. నీళ్లు వదలని టైంలో పైపులో ప్రెషర్ తగ్గిపోయి, చుట్టూ ఉన్న మురుగు లోపలికి వచ్చేస్తుంది. సింధ్‌లో కేసులను మ్యాప్ మీద పెట్టి చూస్తే, అవి మురుగు లైన్ల చుట్టూనే గుమిగూడి కనిపించాయి.

ఇంకో విషయం కూడా ఉంది. మందును తట్టుకునే శక్తిని బ్యాక్టీరియా ఒకదాని నుంచి మరొకటి తీసుకోగలదు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క చేతులు మారుతుంది. పరీక్ష హాల్లో స్లిప్పు అందించుకున్నట్టే! సింధ్ టైఫాయిడ్ బ్యాక్టీరియాకు ఈ ముక్క ఈ-కోలి నుంచి వచ్చి ఉంటుందని 2018లో జన్యు పరిశోధకులు చెప్పారు.

ఊరటనిచ్చే విషయం ఏంటంటే..

ఈ బ్యాక్టీరియా యాంటీబయాటిక్స్‌ను తట్టుకుంటుంది కానీ, వేడిని తట్టుకోలేదు. నీళ్లు బాగా మరిగితే మామూలు టైఫాయిడ్ బ్యాక్టీరియా లాగే ఇదీ చస్తుంది. సరైన మోతాదులో క్లోరిన్ కలిపినా అంతే. అంటే ఒంట్లోకి వెళ్లాక ఆపడం కష్టం, గ్లాసులోకి రాకముందు ఆపడం సులువు.

టీకా కూడా ఉంది. సింధ్ హైదరాబాద్ పిల్లలకు వేసిన టైఫాయిడ్ కాంజుగేట్ వ్యాక్సిన్ తయారైంది ఎక్కడో తెలుసా? మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో! 2019లో పాకిస్థాన్ ఈ రకం టీకాను రొటీన్ ఇమ్యునైజేషన్‌లో చేర్చింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే.

మనం ఏం చేయాలి?

* కుళాయి నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా తాగొద్దు. వెంటనే వాటర్ బోర్డుకో, మున్సిపాలిటీకో ఫిర్యాదు చేయండి.
* నీళ్లు బుడగలు తేలుతూ మరిగాక, కనీసం ఒక నిమిషం అలాగే ఉంచండి. మూతపెట్టి చల్లార్చండి. బిందెలో చెయ్యి ముంచొద్దు.
* మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్స్ కొనుక్కోవద్దు. డాక్టర్ రాసిన కోర్సును మధ్యలో ఆపొద్దు.
* జ్వరం తగ్గకపోతే బ్లడ్ కల్చర్ గురించి డాక్టర్‌ను అడగండి. ఏ మందు పనిచేస్తుందో వైడాల్ టెస్ట్ చెప్పలేదు, కల్చర్ చెబుతుంది.