కుండీలో మొక్క ఎండిపోయిందా..? పీకేసే ముందు గోరుతో ఒక్కసారి గీకి చూడండి!

ఎండాకాలంలో ఆకులు రాలిపోయిన మొక్కలన్నీ చచ్చిపోయినట్టు కాదు. కొన్నింటికి వానలు పడేదాకా గడువు ఇవ్వాలి. కొన్నింటిని మాత్రం ఒక్క రోజు కూడా ఉంచకూడదు. ఏది బతుకుతుంది, ఏది బతకదు..? ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలో చూద్దాం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రామగుండం ఎండ చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. దానికి ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము తోడవుతుంది. గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీల్లో క్వార్టర్ల ముందు ఇష్టంగా పెంచుకున్న మందారం, మల్లె, కరివేపాకు, జామ అన్నీ ఒకేసారి డీలా పడేది ఈ రోజుల్లోనే. చాలామంది తొందరపడి పీకేసేది కూడా ఇప్పుడే.

ఆకులు ఎందుకు రాలుస్తాయి..?

ఆకు మీద దుమ్ము పొర కడితే వెలుతురు సరిగా అందదు. ఆకు గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలూ పూడుకుపోతాయి. నల్లటి బొగ్గు పొడి అయితే వేడిని ఇంకా ఎక్కువ లాగుతుంది. అప్పుడు మొక్క తన ఒంట్లో నీటిని కాపాడుకోవడానికి ఆకులను వదిలేస్తుంది. అంటే అది చావడం కాదు.. బతకడానికి చేస్తున్న ప్రయత్నం. వారానికి ఒకటి రెండుసార్లు పొద్దున్నే ఆకులను నీళ్లతో కడిగితే చాలా వరకు తేరుకుంటుంది.

గోరు పరీక్ష ఇలా..

* చిటారు కొమ్మ దగ్గర బెరడును గోరుతో కొంచెం గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.
* గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టు. కంగారు పడొద్దు, ఇంకొంచెం కిందికి వచ్చి మళ్లీ గీకండి.
* పచ్చదనం ఎక్కడ కనిపిస్తే, దానికి కాస్త పైన కత్తిరించండి.
* మొదలు దాకా పొడిగానే ఉంటే మట్టి తీసి వేరు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే ఇంకా ఆశ ఉంది. నల్లగా మెత్తబడి కుళ్లు వాసన వస్తే ఇక లాభం లేదు.

గులాబీకి ఇంకో సంగతి ఉంది. అంటు కట్టిన చోటుకు పైభాగం మొత్తం ఎండి, కింది నుంచే చిగుర్లు వస్తుంటే మొక్క బతికినా మీరు కొన్న పువ్వు మాత్రం రాదు. కరివేపాకు అలా కాదు.. పైన మొత్తం ఎండినా వేరు నుంచి పిలక లేస్తుంది.

ఎన్నాళ్లు ఆగాలి..?

జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె వస్తుంది. రెండు మంచి వానలు పడ్డాక మరో మూడు, నాలుగు వారాలు చూడండి. జూలై నెలాఖరుకు కూడా ఒక్క చిగురు రాలేదంటే, గీకినచోట పచ్చదనం లేదంటే తీసేయొచ్చు.

ఈలోపు చేసే పెద్ద పొరపాటు.. వాడిందని బిందెలకు బిందెలు పోయడం. ఆకుల్లేని మొక్క నీళ్లు తక్కువే తాగుతుంది. ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది. వేలు పెట్టి చూసి, రెండు అంగుళాల లోతు పొడిగా ఉంటేనే సాయంత్రం పోయండి. యూరియా, డీఏపీ లాంటివి అసలు వేయొద్దు. కుండీ అయితే నీడకు జరపండి.

వీటిని మాత్రం వెంటనే పీకేయండి

బెండ ఆకులకు ఈనెలు పసుపు రంగుకు తిరిగితే అది పల్లాకు తెగులు. వైరస్‌తో వస్తుంది, మందు లేదు. తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకూ అంటిస్తుంది. బొప్పాయి కాయల మీద ఉంగరాల్లాంటి మచ్చలు, ఆకులపై పసుపు మరకలు కనిపించినా అంతే.

టమాట, వంగ పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడిపోయాయా..? కాండం మొదలు దగ్గర ముక్క కోసి, గాజు గ్లాసులోని నీళ్లలో నిలబెట్టండి. కాసేపటికి పాలలాంటి తెల్లటి ధార కారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. మొక్కను వేరుతో సహా తీసేయాలి. ఆ మట్టిలో మళ్లీ టమాట, వంగ, మిరప పెట్టొద్దు.

మందారానికి పట్టే పిండినల్లి, మిరపకు వచ్చే ముడత చూసి మాత్రం ఆశ వదలక్కర్లేదు. పిండినల్లి ఎక్కువగా ఉన్న కొమ్మలు కోసేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే అదుపులోకి వస్తుంది. మిరప ముడత చాలాసార్లు తామర పురుగు, నల్లి వల్లే వస్తుంది కాబట్టి ముందు ఆకు అడుగున చూడండి.

క్వార్టర్ ఖాళీ చేస్తున్నారా..?

రిటైరై క్వార్టర్ వదిలి వెళ్లేవాళ్లకు ఏళ్ల నాటి మొక్కను వదలడం కష్టమే. పాత చెట్టును తవ్వి తీసుకెళ్తే బతకడం అరుదు. దానికి బదులు వానాకాలంలో మందారం, మల్లె నుంచి పెన్సిల్ మందం ఉన్న జానెడు కొమ్మలు కోసి నాటుకోండి. కరివేపాకుకు వేరు పిలక తీసుకోండి. జామకు గాలి అంటు కట్టుకోవచ్చు. మొక్క పూర్తిగా ఎండిపోకముందే, పచ్చని కొమ్మ ఒక్కటి ఉన్నా చాలు.. ఆ మొక్క మీ కొత్త ఇంటికి కూడా వస్తుంది.